గుండ్లకమ్మ రేవు



పోయిన వేసవిలో మా పాస్టరేటు యౌవనస్థులకు మూడు దినాల కూడికలు జరిగాయి. రెండవ దినం మధ్యాహ్నం సంఘ చరిత్ర చెప్పే పని నాకు అప్పగించారు. భోజనాలయ్యాక, రేకుల షెడ్డు క్రింద, రోహిణి కార్తె ఎండలో, అందులోనూ చరిత్ర! సగం మంది కునికిపాట్లు పడుతున్నారు. డిప్లొమా చదివే రోజుల్లో పరీక్ష కోసం కంఠస్థం చేసిన సంవత్సరాలు నల్లబల్ల మీద ఒకదాని క్రింద ఒకటి రాశాను. 64లో నీరో చక్రవర్తి పెట్టిన హింస. 313లో మిలాను శాసనం, క్రైస్తవులకు స్వేచ్ఛ. 325లో నైసియా సభ. 1054లో తూర్పు సంఘము, పడమటి సంఘము విడిపోవడం. 1517లో విట్టెన్‌బర్గులో మార్టిన్ లూథరు. 1793లో విలియం కేరీ బెంగాలులో దిగడం.

వెనుక వరుసలో కూర్చున్న ఒక కుర్రవాడు లేచాడు. పట్నంలో హాస్టలులో ఉండి డిగ్రీ చదువుతున్నాడు. "అయ్యగారూ, ఈ లిస్టులో మనం ఎక్కడున్నాం?" అన్నాడు. అందరూ నవ్వారు. అతను నవ్వలేదు. కూడిక ముగిశాక కుండ దగ్గర నీళ్లు తాగుతుంటే ప్రక్కకు వచ్చి అసలు మాట చెప్పాడు. హాస్టలులో తోటివాళ్లు, "మీ ముత్తాతలు కరువులో గంజి కోసం మతం పుచ్చుకున్నారంట గదా, బియ్యం కిరస్తానీలంట గదా" అని ఎగతాళి చేస్తున్నారట. రెండు నెలలుగా అక్కడ ఆదివారం గుడికి వెళ్లడం మానేశాడు. "కొట్లాడదామంటే నాకు ఏమీ తెలియదు అయ్యగారూ, నిజమేనేమో" అన్నాడు.

ఆ మాట మనలో చాలామంది ఎక్కడో ఒకచోట విన్నదే. రచ్చబండ దగ్గర, ఆఫీసులో, ఒక్కోసారి పెండ్లి సంబంధాల దగ్గర కూడా. విని ఊరకుంటాం. ఆ సాయంత్రం చీకటి పడేదాకా అతనితో చెప్పినదీ, వేళ చాలక చెప్పలేకపోయినదీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. నల్లబల్ల మీద రాసిన ఆ సంవత్సరాల క్రింద నేను చేర్చదలచుకున్న సంవత్సరం 1878. నెల జూలై. స్థలం ఒంగోలుకు ఉత్తరాన పది మైళ్ల దూరంలో, గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెల్లంపల్లి.

కొంచెం వెనక్కి వెళ్లాలి. శామ్యూల్ డే అనే అమెరికా బాప్తిస్టు మిషనరీ 1836లో మన దేశానికి వచ్చి, ఆ తరువాత 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. ఏండ్ల తరబడి పని చేసినా సంఘములో చేరినవారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. 1853లో అమెరికాలో జరిగిన మిషను సభలో, ఈ తెలుగు పని దండగ, మూసేద్దాం అని వాదన వచ్చింది. పటం మీద ఒంటరిగా ఉన్న ఆ ఒక్క నెల్లూరు స్టేషనుకు 'ఒంటరి నక్షత్రం' అనే పేరు అప్పుడే వచ్చింది. మూయలేదు. 1862లో మళ్లీ అదే మాట వస్తే, సెలవు మీద వెళ్లి ఉన్న లైమన్ జూయెట్, మీరు పంపినా పంపకపోయినా నేను తిరిగి వెళతాను, ఆ తెలుగువారి మధ్యనే చస్తాను అన్నాడట. ఈ జూయెట్ దంపతులే 1854 జనవరి 1 తెల్లవారుజామున ముగ్గురు తెలుగు విశ్వాసులతో కలిసి ఒంగోలు ప్రక్కనున్న గుట్ట ఎక్కి, ఈ ఊరికి ఒక సేవకుని పంపమని ప్రార్థించారు. ఒంగోలు వెళ్లినవారికి ఆ కొండ తెలుసు. ప్రార్థన ఫలం రావడానికి పన్నెండేండ్లు పట్టింది. వచ్చినవాడు జాన్ క్లౌ. అంతకు ముందు చేసినది భూమి కొలిచే సర్వేయరు పని. ఇది గుర్తుపెట్టుకోండి, ముందు అక్కరకు వస్తుంది.

అయితే ఒంగోలు కథకు మొదటి మనిషి క్లౌ కాదని నా అభిప్రాయం. ఎర్రగుంట్ల పేరయ్య. తాళ్లకొండపాడు మాదిగ పల్లెవాడు, తోళ్ల వ్యాపారం చేసేవాడు. అంతకు ముందే గురువుల దగ్గర యోగం నేర్చి, నిజమైన దేవుని వెదుకుతూ తిరిగినవాడు. తోళ్లు కొనడానికి గోదావరి వైపు వెళ్లినప్పుడు అక్కడి మిషనరీల ద్వారా సువార్త విన్నాడు. ఇంటికి వచ్చి భార్య నాగమ్మకు చెప్పాడు. 1866 మార్చిలో ఆ ఇద్దరూ బాప్తిస్మం పొందారు. గమనించండి, అది కరువుకు పదేండ్లు ముందు.  క్లౌ ఒంగోలులో కాపురం పెట్టకముందే పేరయ్య తన పల్లెలోనూ చుట్టుప్రక్కల పల్లెల్లోనూ చెప్పడం మొదలుపెట్టాడు. 1867 జనవరిలో క్లౌ తాళ్లకొండపాడు వెళ్లేసరికి చింతతోపులో జనం ఎదురు చూస్తున్నారు. అయిదు దినాలు కూర్చోబెట్టి నేర్పి, ప్రశ్నించి, ఇరవై ఎనిమిది మందికి బాప్తిస్మం ఇచ్చారు.

ఇక్కడే మొదటి చిక్కు వచ్చింది. ఒంగోలులో బ్రాహ్మణులు, కోమట్లు మొదట క్లౌను ఆదరించారు. పిల్లలను బడికి పంపారు. మాదిగలు సంఘములో చేరుతున్నారని తెలియగానే, వాళ్లను తీసుకుంటే మేము రాము, మా పిల్లలను పంపము అన్నారు. ఆ కాలంలో చాలా మిషన్ల ఆలోచన ఏమిటంటే, ముందు పై కులాలవారు వస్తే వారి వెంట క్రిందివారు వస్తారని. మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ పెట్టిన బడిలో పై కులాల పిల్లలకే చోటు. ఆ దారే పట్టమని క్లౌకు కూడా మనసు లాగింది. ఆ రాత్రి అతడు తన గదిలో బైబిలు తెరిస్తే కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం 26వ వచనం నుండి ఉన్న భాగం తగిలింది. వేరే గదిలో అతని భార్య హ్యారియెట్ కూడా అదే భాగం తెరిచి ఉంది. దేవుడు పిలిచినవారిలో లోకం లెక్కలో గొప్పవారు ఎందరున్నారని పౌలు అడిగే చోటు అది. చదివి చూడండి. దానితో తేలిపోయింది. బడి ఖాళీ అయినా సరే, వచ్చినవారినే తీసుకుందామని నిర్ణయించుకున్నారు.

అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయంలో యెరూషలేము సభ జరుగుతుంది. అన్యజనులు ముందు యూదులైతేనే సంఘములో చోటా, లేక ఉన్నవారు ఉన్నట్టే రావచ్చునా అన్నది అక్కడి ప్రశ్న. మా డిప్లొమా పరీక్షలో అది పది మార్కుల ప్రశ్న. ఒంగోలులో ఆ రాత్రి వచ్చినదీ అదే ప్రశ్నని ఏ పాఠ్యపుస్తకమూ మాకు చెప్పలేదు.

సరే, చేరినవారికి ఏమి లాభం వచ్చిందో చూద్దాం. ఎగతాళి చేసేవారు లాభం అంటున్నారు గనుక లెక్క చూడాల్సిందే. క్లౌ, పేరయ్య కొత్తవారి ముందు మూడు సంగతులు ఉంచారు. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకు మ్రొక్కకూడదు. చదవడానికి తేలిక. ఆనాటి పల్లెలో నిలబడి చూడండి. మాదిగవాడు రైతుకు చెప్పులు కుట్టాలి, కపిల తోలడానికి తోలు సంచి కుట్టాలి, కోతకు రావాలి, జాతరకు డప్పు కొట్టాలి. దానికి బదులు కళ్లంలో ఇన్ని గింజలు, ఊళ్లో చచ్చిన పశువు. ఇది తాతల నాటి కట్టడి. కోత వేళ ఆదివారం రానంటే రైతుకు కోపం. డప్పు కొట్టనంటే ఊరంతటికీ కోపం. అమ్మవారికి కోపం వచ్చి ఊరికి కలరా తెచ్చారని నింద. చచ్చిన గొడ్డును ముట్టనంటే కరువు నెలల్లో కడుపుకు ఉన్న ఒక్క ఆధారమూ పోతుంది. వాళ్లకు పనులు ఆపారు, బావి దగ్గరకు రానివ్వలేదు, కొట్టారు, దొంగ కేసులు పెట్టారు. కరణం, మునసబు ఎవరి ప్రక్కన ఉంటారో చెప్పనక్కరలేదు. గంజి కోసం మతం మారేవాడు, ఉన్న గంజి పోగొట్టుకుని మారతాడా?

ఇక కరువు సంగతి. 1876లో వానలు తప్పాయి. ధాత నామ సంవత్సరం గనుక మన పెద్దలు దానిని ధాత కరువు అనేవారు. మా నాయనమ్మ చూసింది కాదు, ఆమె అత్తగారి నోట విన్నది. పిల్లలు అన్నం పారేస్తే "ధాత కరువు వస్తే తెలుస్తుంది" అని కసిరేది. నెల్లూరు, కర్నూలు, కడప, బళ్లారి, అటు మైసూరు, ఇటు చెన్నపట్నం దాకా పంటలు మాడిపోయాయి. దక్షిణ దేశంలో యాభై లక్షలకు పైగా జనం చచ్చిపోయారని చరిత్రకారుల అంచనా. అప్పటి ప్రభుత్వం కరువు పనులు పెట్టింది గాని, 1877 ఆరంభంలో రిచర్డ్ టెంపుల్ అనే అధికారి ఖర్చు తగ్గించడానికి కూలిని కుదించాడు. గట్టి పని చేసే మగవానికి దినానికి ఒక పౌను గింజలు, అంటే మన లెక్కలో అరకిలోకు తక్కువ, పైన చిల్లర డబ్బు. దీనితో మనుషులు బ్రతకరని డాక్టర్ కార్నిష్ అనే ఆరోగ్యాధికారి ప్రభుత్వంతోనే తగవు పడ్డాడు. ఆకలి చావులు, వాటి వెంట కలరా.

సముద్ర తీరం వెంబడి బకింగ్‌హాం కాలువ తవ్వకం ఆ కరువు పనుల్లో ఒకటి. ఒంగోలు దగ్గర తూర్పున మీరు చూసే కాలువ అదే. అప్పటి మద్రాసు గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరే దానికి పెట్టారు. ఆ కాలువలో మూడున్నర మైళ్ల ముక్క తవ్వే కంట్రాక్టు క్లౌ తీసుకున్నాడు. మిషనరీ కంట్రాక్టు పట్టడమేమిటని కొందరు ముక్కున వేలేసుకుని ఉంటారు. నాకైతే ఆయన చేసిన పనులన్నిటిలో ఇదే ఎక్కువ నచ్చింది. సర్వేయరుగా పని చేసిన చేయి గనుక భయపడలేదు. తాటాకు గుడిసెలు వేయించాడు, నీళ్లకు బావులు తవ్వించాడు. తన బోధకులను మేస్త్రీలుగా పెట్టాడు. వేరే చోట్ల మేస్త్రీలు తిట్టేవారు, కొట్టేవారు, కూలిలో కోత పెట్టేవారు. ఇక్కడ చేసిన పనికి చేసినంత ముట్టేది. ఆ మాట పాకి వేలాది జనం వచ్చారు. మాదిగలే కాదు, ఇతర కులాలవారూ వచ్చారు. మగవాళ్లు తవ్వితే ఆడవాళ్లు తట్టలతో మన్ను మోశారు. విరామ వేళల్లో బోధకులు వారి మధ్య కూర్చుని మాట్లాడేవారు. తల్లి చచ్చినవాడు, బిడ్డను పోగొట్టుకున్నది, రేపు బ్రతుకుతామో లేదో తెలియనివారు విన్నారు.

ఆకలి వారి చెవులు తెరవలేదని నేను అనను. తెరిచింది. మనిషి నిండు కడుపుతో ఉన్నప్పుడు వినని మాటలు ఆపదలో వింటాడు. జబ్బు చేసినప్పుడు ప్రార్థన కోసం మనలను పిలిచే ఇండ్లు ఎన్ని లేవు? యేసు ప్రభువు కూడా అయిదువేల మందికి ముందు రొట్టె పెట్టాడు. అయితే యోహాను సువార్త ఆరవ అధ్యాయంలో, మరుసటి దినం వెదుక్కుంటూ వచ్చినవారితో, మీరు తిని తృప్తి పొందారు గనుక వచ్చారని ఆయన మొహమాటం లేకుండా చెప్పాడు. అధ్యాయం చివరికి వచ్చేసరికి చాలామంది వెళ్లిపోయారు. రొట్టె కోసం వచ్చినవారికి ఉండే గుర్తు అది. రొట్టె ఆగితే వాళ్లూ ఆగిపోతారు.

క్లౌకు ఈ సంగతి తెలుసు. కాలువ పని నడుస్తున్నప్పుడు బాప్తిస్మం ఇమ్మని జనం అడుగుతూనే ఉన్నారు. ఇవ్వలేదు. ఒకటి కాదు రెండు కాదు, పదిహేను నెలలపాటు ఒక్కరికీ ఇవ్వలేదు. సాయం చేసే చేయి మాదే గనుక, ఆ చేయి చూసి వచ్చారన్న మాట రాకూడదని ఆపారు. నేను ఆ కుర్రవానికి చెప్పినవాటిలో అతడు తల ఎత్తి విన్నది ఈ మాటే. "పదిహేను నెలలా?" అన్నాడు.

1878 జూన్‌లో సాయం నిధులు ముగిశాయి. క్లౌ జనాన్ని వెల్లంపల్లి దగ్గర కూడమన్నాడు. వాళ్లకు చెప్పదలచుకున్నది ఒక్కటే. ఇక నా దగ్గర డబ్బు లేదు, పని లేదు, ఇవ్వడానికి ఏమీ లేదు, మీ ఊళ్లకు వెళ్లిపోండి. వాళ్ల జవాబు ఆయన తరువాత రాసి పెట్టాడు. దాని సారాంశం ఇది. మాకు సాయం అక్కరలేదు. మా చేతులు చూడండి, బొబ్బలు ఉన్నాయి, ఇన్నాళ్లూ పని చేసే తిన్నాం, ఇక మీదటా చేస్తాం. ఈ పంట కూడా పోతే చస్తాం. చచ్చినా క్రైస్తవులుగా చావాలని ఉంది, బాప్తిస్మం ఇవ్వండి. అప్పటికీ ఆయన వెంటనే ఒప్పుకోలేదు. బోధకులతో ఆలోచన చేశాడు. ఏ పల్లెవాళ్లు ఎవరో, ఎన్నాళ్లుగా నమ్ముతున్నారో బోధకులకు తెలుసు. వారిచేత ఒక్కొక్కరిని విచారింపజేసి, కొందరిని ఇంకా ఆగమని చెప్పాడు.

జూలై 2న 614 మంది. జూలై 3న 2,222 మంది. జూలై 4న 700 మంది. మూడు దినాలకు 3,536.

నడిమి దినం గురించి కొంచెం చెప్పాలి. ప్రొద్దున ఆరు గంటలకు మొదలైంది. గుమస్తాలు ఒడ్డున నిలబడి పేర్లు చదువుతున్నారు. నీళ్లలో ఇద్దరు బోధకులు. వాళ్లు అలసిపోతే ఇంకో ఇద్దరు, వాళ్లు అలసిపోతే మరి ఇద్దరు. మొత్తం ఆరుగురు, ఒకసారికి ఇద్దరికి మించి ఎప్పుడూ లేరు. మధ్యాహ్నం ఎండకు ఆపి, మళ్లీ రెండు గంటలకు మొదలుపెట్టి, ప్రొద్దు గూకే వేళకు ముగించారు. అన్నీ కలిపి తొమ్మిది గంటలు. క్లౌ ఆ దినం ఒక్కరికి కూడా తన చేతితో బాప్తిస్మం ఇవ్వలేదు. ఒడ్డున ఏర్పాట్లు చూసుకున్నాడు. నీళ్లలో నిలిచిన ఆరుగురూ మన తెలుగు బోధకులే. పెంతెకొస్తు దినాన మూడు వేలమందిని ఒక్క దినంలో ముంచడం సాధ్యమా అని తగవులాడే పండితులకు ఆ తరువాత వెల్లంపల్లి లెక్క చూపించేవారట. మన పాఠకుల్లో ముంచేవారూ ఉన్నారు, చిలకరించేవారూ ఉన్నారు గనుక ఆ తగవు జోలికి నేను పోను. జూన్ మధ్య నుండి జూలై చివరి వరకు ఆరు వారాల్లో మొత్తం 8,691 మంది.

తొందరపడ్డారని క్లౌ మీద అప్పుడే విమర్శలు వచ్చాయి. ఇంతమందికి ఎవరు నేర్పుతారు, ఎవరు కాస్తారు అని అడిగారు. అది న్యాయమైన ప్రశ్నే. కొందరు పాత మ్రొక్కులకు తిరిగి వెళ్లారు. కొన్ని పల్లెలకు ఏడాదికి ఒక్కసారి కూడా బోధకుడు వెళ్లలేని పరిస్థితి. 1872లో రామాయపట్నంలో పెట్టిన వేదాంత పాఠశాల లేకపోతే ఇంకెంత అయ్యేదో. అంతకంటె నా మనసును ఎక్కువ కలచే సంగతి వేరే ఉంది. ఒంగోలు ప్రాంతంలో గుంపుగా వచ్చినవారు మాదిగలు. వేరే మిషన్లలో, వేరే జిల్లాల్లో మాలలు ఎక్కువగా వచ్చారు. ఒకే ప్రభువును నమ్మి కూడా మాలపల్లె గుడి, మాదిగపల్లె గుడి అని వేరు వేరుగా కట్టుకున్న ఊళ్లు ఎన్నో. కొరింథీ పత్రిక చదివి తలుపు తెరిచారు గాని, లోపలికి వచ్చిన మనమే లోపల ఇంకో గోడ కట్టుకున్నాం. పెండ్లి విషయంలో, సమాధుల దొడ్డి విషయంలో ఈ గోడ ఎంత గట్టిదో పాస్టర్లకు తెలుసు. హాస్టలు కుర్రవాడు అడగలేదు గాని, ఎవరైనా మనలను నిజంగా ఎగతాళి చేయదలిస్తే చేయవలసినది దీని గురించి.

రెండేండ్ల క్రితం ఒక పని మీద ఒంగోలు వెళ్లినప్పుడు, తిరుగు ప్రయాణంలో వెల్లంపల్లి దగ్గర బస్సు దిగి ఏటి ఒడ్డుకు నడిచాను. ఎండాకాలం. ఇసుక, అక్కడక్కడ మడుగులు, తుమ్మచెట్లు, నీళ్లలో పడుకున్న బర్రెలు. జాతీయ రహదారి మీద లారీల మోత. బర్రెలు కాసే ముసలాయనను, ఇక్కడ పూర్వం బాప్తిస్మాలు జరిగాయట గదా, ఏ రేవు అని అడిగాను. "ఏరంతా రేవే గదా సార్, నీళ్లు ఎక్కడుంటే అక్కడే ఇచ్చి ఉంటారు" అన్నాడు. నాకంటె ఆయనే బాగా చెప్పాడు. కాసేపు మడుగు ప్రక్కన నిలబడ్డాను. రెండు వేల రెండు వందల ఇరవై రెండు అనేది కాగితం మీద అంకె. అక్కడ నిలబడితే వేరే సంగతులు తోస్తాయి. తడి బట్టలతో ఒడ్డుకు వచ్చినవారికి మార్చుకోవడానికి ఇంకో బట్ట ఉండి ఉండదు. ఆ సాయంత్రం చాలామంది ఇండ్లలో పొయ్యి వెలిగి ఉండదు. మరునాడు పల్లెకు వెళితే రైతు ఏమంటాడో తెలియదు.

బియ్యం కోసం అనే మాటకు ఇంకో లెక్క కూడా చెప్పవచ్చు. 1950లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల వారికి ఉన్న హక్కులు క్రైస్తవులైన వారికి లేకుండా పోయాయి. తరువాత 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. మనలను చేర్చలేదు. ఆ ఉత్తర్వు వచ్చిన తరువాత కూడా కాగితం మీద క్రైస్తవుడని రాసుకున్న మన తాతలు, అలా రాయడం వలన ఏమి పోతుందో తెలిసే రాశారు. రాయనివారిని నేను తప్పు పట్టను. బిడ్డల చదువుల బాధ నాకూ తెలుసు. రాసినవారి గురించి మాత్రం గంజి మాట అనవద్దని ఆ హాస్టలు పిల్లలతో చెప్పమన్నాను.

ఆ దినం పేర్లు చదివిన గుమస్తాలకు అక్షరాలు వచ్చు. పేర్లు చెప్పుకున్నవారిలో చాలామందికి రావు. నీళ్లలో దిగినది మూడు దినాల పని గాని, ఆ వేలమందికి బైబిలు చదవడం నేర్పడానికి తరాలు పట్టింది. పల్లెకొక బడి, బడికొక పంతులు. పంతులే ఆదివారం ప్రసంగీకుడు. జీతం ఎప్పుడు వస్తుందో తెలియదు, పల్లెవారు ఇచ్చే గింజలే ఆధారం. పగలు పిల్లలు గొడ్ల వెంట పోతారు గనుక బడి రాత్రి వేళ, ఆముదం దీపం దగ్గర.

మా ఇంట్లో మొదట చదవడం నేర్చుకున్నది మగవారు కాదు. మా నాయనమ్మ మేనత్త. పలక కొనే స్తోమత లేక ఇసుకలో వ్రేలితో దిద్దుకున్నదట. పెండ్లయ్యాక ఆ ఊళ్లో ఉత్తరం చదవగలిగిన మనుషులు ముగ్గురు, నలుగురు ఉంటే వారిలో ఆమె ఒకతె. రంగూను వెళ్లిన కొడుకుల నుండి ఉత్తరాలు వస్తే పై వీధివారు కూడా వాటిని పట్టుకుని పల్లె దాకా వచ్చేవారట. లోపలికి రాకుండా వేపచెట్టు క్రింద నిలబడేవారు. ఆమె చేతిలో పని ప్రక్కన పెట్టి, చేతులు కడుక్కుని వచ్చి, చెట్టు ఇవతల నిలబడి గట్టిగా చదివి వినిపించేదట.